సున్నపు గీతల బాబాయి

మా బాబాయికి కాగితం మీద నమ్మకం లేదు. ఏ వస్తువైనా ఇంటికి రావాలంటే, అది కూర్చునే చోట ముందుగా దాని అసలు కొలతల్లో సున్నప్పొడితో గీత గీయాలి, ఇంటిల్లిపాదీ ఆ గీతల చుట్టూ నాలుగు రోజులు తిరగాలి. అప్పుడుగానీ ఆయనకు నిద్ర పట్టదు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు కాబట్టి, దారి గురించి తనకు తెలిసినంత మరొకరికి తెలియదని ఆయన ధీమా. వీధిలో అందరూ సున్నం బాబాయి అంటారు. నేను అంతకంటే ఘాటైన మాటలు చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను.

ఫ్రిజ్ కొన్నప్పుడు చూడాలి ఆయన సంబరం. కొనడానికి వారం ముందే వంటింటి నేల మీద ఫ్రిజ్ గీశాడు. దాని తలుపు తెరుచుకునే మేరకు వంపుగా ఇంకో గీత. పిన్ని చేతిలో వేడి గిన్నెతో ఆ గీత దాటిందంటే, "ఫ్రిజ్ లోంచి నడుస్తావేమిటే?" అని కోప్పడేవాడు. నాలుగో రోజుకి పాపం పిన్నికి లేని ఫ్రిజ్‌ని తప్పుకుని నడవడం అలవాటైంది. ఐదో రోజు ఆయన దాన్ని చెరిపేసి అవతలి గోడ దగ్గర గీశాడు. ఆ పూట పిన్ని వంట చేయలేదు.

అలాంటి మనిషి ఇంట్లో నేను క్లినిక్ పెట్టాలనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదనాలి. ఆసుపత్రిలో ఉద్యోగం మానేసి వచ్చాను. బాబాయీ పిన్నీ మేడ మీదికి మారి కింది భాగం నాకు వదిలారు. ఇల్లు క్లినిక్ కావాలంటే అనుమతి కావాలి. ముందున్న ఖాళీలో నాలుగు కార్లు పట్టాలి, నడవలేనివాళ్ళు లోపలికి రావడానికి రాంపు ఉండాలి, కాస్త పచ్చదనం కనిపించాలి. తనిఖీకి నెల రోజులే గడువు. అందులో తప్పితే మళ్ళీ ఆరు నెలల దాకా అడగడానికి లేదు. ఉద్యోగం లేని డాక్టరు ఆరు నెలలు ఏం చేస్తుంది? బాబాయి వెనకాల సున్నం బుట్ట మోస్తుంది.

నేను పిలిపించిన ఇంజనీరు శుభ్రంగా ప్లాను గీసి తెచ్చాడు. ముందు నాలుగు కార్లు, పక్క సందులోంచి వెనక వంటింటి తలుపు దాకా రాంపు, కాలిబాటంతా తెల్లటి గులకరాళ్ళు, అంచున గులాబీలు. చూడముచ్చటగా ఉంది. బాబాయి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎంగిలి విస్తరి తీసినట్టు పక్కన పెట్టాడు.

"కాగితం మీద ఏనుగైనా పడుతుంది బాబూ. రేపు పొద్దున్న రా, కారవుదువుగాని."

మర్నాడు నిజంగానే ఇంజనీరు కారయ్యాడు. నేనో కారు, పిన్ని ఇంకో కారు, తాపీమేస్త్రీ నాలుగోది. బాబాయి గీసిన గళ్ళలో మేం నిలబడితే, ఆయన ఈల ఊదుతూ ఒక్కొక్కరినీ రివర్స్‌లో బయటికి రప్పించాడు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్ట్‌మాన్‌ని ఆపి అంబులెన్స్‌ని చేశాడు. ఆ పెద్దమనిషి సైరన్ కూడా తనే మోగించుకుంటూ వచ్చి పిన్నిని గుద్దాడు. పిన్ని, వచ్చే జన్మలో అయినా బస్సు డ్రైవర్‌ని చేసుకోనని అందరి ఎదుటా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత ఎక్కడినుంచో చక్రాల కుర్చీ అరువు తెచ్చి తనే అందులో కూర్చున్నాడు. తిండీ అందులోనే, పేపరు చదవడమూ అందులోనే. గులకరాళ్ళు పోయించి చూస్తే చక్రాలు కూరుకుపోయాయి, రాళ్ళు ఎత్తించేశాడు. గులాబీ ముల్లు మోచేతికి గీరుకుంది, గులాబీలు పెరట్లోకి పోయాయి. ఇక వెనక రాంపు మాట ఎత్తితే ఇంజనీరు మీద విరుచుకుపడ్డాడు.

"కాళ్ళున్నవాడు వీధి గుమ్మంలోంచి, లేనివాడు వంటింట్లోంచీనా? నేను బస్సు నడిపినన్నాళ్ళూ ఎవర్నీ వెనక నిచ్చెన ఎక్కి రమ్మనలేదయ్యా."

అరుగు రెండడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు చొప్పున ఇరవై నాలుగు అడుగుల రాంపు, ప్రహరీ వెంబడి తిన్నగా గీశాడు. నాలుగు కార్లూ పట్టాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆయన అంతటితో ఆగితే కదా. రోగులు కూర్చునే బెంచీకి నీడ ఎక్కడుంటుందో చూడాలని, ప్రహరీ పక్క చెట్టు నీడని గంటగంటకీ గీయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ముంగిలి పిల్లవాడి పలకలా తయారైంది.

అనుకున్నంతా అయింది. మర్నాడు బాబాయి సున్నం కొనడానికి బజారుకి వెళ్ళాడు. మేస్త్రీ ఆ గీతల అడవిలో పదకొండు గంటల నీడని రాంపు అంచు అనుకుని కాంక్రీటు పోసేశాడు. చెట్టు దాకా వెళ్ళి, అక్కడ గీత తెగిపోతే చదును చేసి, మళ్ళీ వంపు తిప్పి గుమ్మానికి కలిపాడు. ముప్ఫై అడుగుల రాంపు కుక్క తోకలా వంకర తిరిగింది. నాలుగో కారు చోటు దాని కింద పోయింది. తనిఖీకి పన్నెండు రోజులుంది.

మేస్త్రీ లెంపలు వేసుకుని, పగలగొట్టి మళ్ళీ పోస్తానన్నాడు. ఉన్నవన్నీ చెరిపి మార్చే బాబాయి, ఈ ఒక్కదానికి మాత్రం అడ్డుపడ్డాడు. రెండు రోజులు పరీక్షించి చూస్తానన్నాడు. రెండు కాస్తా పది అయ్యాయి. రోజూ తెల్లవారకముందే ఆయన వీధిలోకి వెళ్ళడం, తరవాత రాంపు మీద చక్రాల చప్పుడు వినిపించేవి. మనిషికి మతి పూర్తిగా చెడిపోయిందనుకుని దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని.

తనిఖీ అధికారి వచ్చాడు. వాలు కొలిచాడు, సరిపోయింది. వెడల్పు సరిపోయింది. పచ్చదనం ఉందన్నాడు. కార్లు లెక్కపెట్టి, ఒక చోటు తక్కువ అని పెన్ను మూసేశాడు.

పెద్దవాడన్న ఇంగితం కూడా లేకుండా బాబాయి మీద పడ్డాను. "నీ సున్నం పిచ్చికి నా బతుకే దొరికిందా బాబాయ్? పగలగొట్టమని ఎన్నిసార్లు చెప్పాను?" ఇంజనీరూ మేస్త్రీ తలలు దించుకున్నారు. బాబాయి నా వంక చూడలేదు. ఎదురింటి గేటు వైపు చూస్తున్నాడు.

ఆ గేటు తెరుచుకుంది. ఆ ఇంట్లో ఉండేది టీచరుగారు. వీధిలో సగం మందికి చదువు చెప్పిన మనిషి. నాలుగేళ్ళ క్రితం పడి నడక పోయాక గడప దాటలేదు. జాలిగా పలకరించడానికి వెళ్ళినవాళ్ళ ముఖాన తలుపు వేసేవారని ప్రతీతి. ఆవిడ ఇప్పుడు తన కుర్చీ చక్రాలు తనే తిప్పుకుంటూ రోడ్డు దాటి వస్తున్నారు. సాయం పట్టబోయిన ఇంజనీరు చొక్కా పట్టుకుని బాబాయి వెనక్కి లాగాడు. ఆవిడ రాంపు ఎక్కి, చెట్టు కింద చదునుగా ఉన్న చోట ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా ఎక్కి నా ఎదుటికి వచ్చారు.

"ఏమ్మా డాక్టరూ, పెద్దవాణ్ణి నలుగురిలో నిలబెట్టి తిట్టడం ఏ కాలేజీలో నేర్పారు?"

ఆవిడ అధికారి వైపు తిరిగారు. "పది రోజులుగా ఈయన తెల్లారకుండానే మా తలుపు కొట్టి, రాంపు వంకరగా వచ్చిందండీ, తప్పులేమిటో చూసి చెప్పండని నా ప్రాణం తీస్తున్నాడు. రోజూ ఎక్కి చూసి నలభై తప్పులు చెప్పాను. ఆ మలుపు మాత్రం తప్పు కాదు. తిన్నగా ఉంటే నేను ఒక్క ఊపిరిలో ఎక్కలేను. మా ముంగిలి ఖాళీగా పడి ఉంది, ఆ నాలుగో కారు అక్కడ పెట్టుకోమనండి. కాగితం తెండి, సంతకం చేస్తాను."

అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి, ఎదురింటి చోటైనా రాతలో ఉంటే చెల్లుతుందన్నాడు. పెన్ను మళ్ళీ తెరిచాడు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నెలరోజులు ఆ గేటు ముందునుంచే తిరిగాను, ఒక్కసారైనా లోపల ఎవరున్నారని అడగలేదు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని ఆ సాయంత్రం బాబాయిని అడిగాను.

"చెబితే నువ్వు మందుల సంచీ పట్టుకుని ఆవిడ ఇంటికి పోదువు. జాలి పడ్డావని ఆవిడ తలుపు వేసుకునేది. తప్పులు దిద్దమంటే ఏ టీచరమ్మ ఊరుకుంటుందే?"

క్లినిక్ తెరిచి ఇప్పటికి ఏడు నెలలు. టీచరుగారు రోజూ సాయంత్రం వచ్చి ఆ మలుపు దగ్గర కుర్చీ ఆపుకుని, కార్లు సరిగ్గా పెట్టనివాళ్ళని మందలిస్తున్నారు. అందరికంటే ఎక్కువ చివాట్లు బాబాయికే. గీత వంకరగా ఉందని నిన్న మూడుసార్లు చెరిపించారు. ఆయన బుద్ధిగా మూడుసార్లూ మళ్ళీ గీశాడు.