కొక్కేలు లేని పురుగు

పక్షుల పేగుల్లో కాపురముండే బద్దెపురుగులను జాతులవారీగా విడదీసి పేర్లు పెట్టడం కోడలి ఉద్యోగం. పురుగంటే మనకు ఒళ్లు జలదరిస్తుంది, ఆమెకు ముద్దొస్తుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. మ్యూజియం వెనక గదిలో, సీసాల మధ్య, మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసిన మనిషి. బజారులో బాతులు కోసి అమ్మే అత్తగారు కొట్టు కట్టేశాక పేగుల డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేది. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్లిద్దరిదీ అక్షరాలా పేగుబంధం.

ఒకనాడు కోడలికి చిత్రమైన పురుగు దొరికింది. బద్దెపురుగు తల మీద బుల్లి బుల్లి కొక్కేలుంటాయి. వాటితోనే అది పేగును పట్టుకుని వేలాడుతుంది, వాటిని చూసే దాని జాతి పోల్చుకుంటారు. దీనికేమో బోడిగుండు! తర్వాత వచ్చిన డబ్బాల్లోనూ అవే బోడిగుండ్లు. కోడలు ఉబ్బితబ్బిబ్బయింది.

“ఇది కొత్త జాతి అత్తయ్యా. మీ పేరే పెడతాను.”

“పురుక్కి మా అమ్మ పేరా? ఎవరైనా వింటే నవ్వుతారు,” అన్నాడు మొగుడు.

“నువ్వు నోర్ముయ్‌రా! నీ కూతురికి పెట్టమంటే పాతకాలం పేరన్నావు. పోనీ దీనికైనా పెట్టనీ,” అని కసిరింది అత్తగారు. మర్నాటికల్లా బజారంతా టాంటాం వేసొచ్చింది.

కోడలు ఆ పురుగు మీద వ్యాసం రాయడం పూర్తిచేసి, ఇక పత్రికకు పంపడమే తరువాయి అనుకుంటుండగా అత్తగారు మోకాలి నొప్పితో కుంటుకుంటూ వచ్చింది.

“ఇవాళ కడగలేకపోయానమ్మా. ముక్కు మూసుకుని చూసుకో.”

“కడగడమేంటత్తయ్యా?”

“ఆమధ్య నువ్వు డబ్బా తెరిచి, కంపు భరించలేక వాంతి చేసుకోలేదూ? అప్పట్నుంచీ ఉప్పేసి బాగా రుద్ది తెస్తున్నా.”

కోడలు గబగబా ఆ కడగని పేగు తెరిచి మైక్రోస్కోపు కింద చూసింది. అందులో దొరికిన పురుగు ఒళ్లంతా ఆ బోడిగుండు పురుగుదే, తల మీద మాత్రం కొక్కేలన్నీ ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పేరు పెట్టేసిన పాత జాతి. అత్తగారి ఉప్పు రాపిడికి కొక్కేలు ఊడిపోయాయంతే. పాత పేరుండగా కొత్త పేరు చెల్లదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ ముసలావిడ బజారులో తలెలా ఎత్తుకుంటుంది? ఆఖరికి కోడలు గుండె రాయి చేసుకుని చెప్పేసింది.

“అయితే నా చేతులతో నేనే చెడగొట్టుకున్నానన్నమాట,” అంది అత్తగారు. ఆ మాటకు కోడలికి ఏడుపొచ్చింది.

సీసా చీటీ మీద పురుగు పేరు కింద, తెచ్చిన మనిషి పేరు కూడా రాయాలని నియమం. ఇంటి మనిషే కదా అని కోడలు ఇన్నేళ్లూ అక్కడ ‘బజారు’ అని రాసి ఊరుకుంది. ఇప్పుడు ఒక్కో సీసా దించి, ఆ మాట పక్కన అత్తగారి పేరు చేర్చింది. అన్నీ అయ్యాక ఆవిణ్ణి తీసుకొచ్చి చదివి వినిపించింది.

“ఈ పేరు కూడా కొట్టేస్తారా?”

“పురుగు పేరు మారొచ్చు. తెచ్చినవాళ్ల పేరు ఎవరూ మార్చరత్తయ్యా.”

అత్తగారు బోడిగుండు పురుగున్న సీసా ముందు ఆగింది. “దీన్ని ఉప్పేసి కడిగింది కూడా నేనేనని రాయి.”

కోడలు రాసింది.

“ఎందుకు కడిగానో అదీ రాయి.”

చీటీలో చోటు చాలలేదు. కోడలు ఇంకో చీటీ అతికించింది.