ఆకాశంలో బ్రేకు

వీధిలో అందరూ ఆయన్ని గొడుగుల మాస్టారు అంటారు. ఆయన గొడుగులు అమ్మడు, బాగుచేయడు. విమానంలోంచి దూకి, వీపుకు కట్టుకున్న గొడుగు విప్పుకుని క్షేమంగా నేలకు దిగడం నేర్పుతాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎన్నిసార్లు దూకారండీ అని ఎవరైనా అడిగితే, "దూకినన్ని సార్లూ దిగాను, అది చాలదూ?" అంటాడు.

ఇంతటి మనిషీ ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చడు. ఆ పని భార్యదే. "మబ్బుల్లోంచి దూకుతారు, రెండడుగుల స్టూలు చూస్తే కాళ్ళు వణుకుతాయి" అని ఆవిడ దెప్పుతుంది. "స్టూలుకి రెండో గొడుగు ఉండదు కదే" అని ఆయన సమాధానం. గ్యాసు కట్టేశామా అని రెండుసార్లు, తలుపు తాళం పడిందా అని మూడుసార్లు చూస్తాడు. రోడ్డు దాటేటప్పుడు ఆయన పక్కనున్న వాళ్ళకి ఓపిక నశిస్తుంది. పైనుంచి దూకేవాడికి ప్రాణమంటే లెక్కలేదని లోకం అనుకుంటుంది గానీ, అసలు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. లెక్కలేనివాళ్ళు ఈ పనిలో ఎంతోకాలం ఉండరు. మాస్టారికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయంటే అది ఆయన పిరికితనం పుణ్యమే.

నేర్పడం గురించి కూడా ఆయనకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. "దూకడం నేర్పేదేముంది? ఇసుక బస్తా కూడా దూకుతుంది. దూకాక ఊరికే ఉండటం నేర్పాలి, అదీ కష్టం" అంటాడు. నాకు భయమే లేదని చెప్పుకునే కుర్రాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. భయపడేవాడికి సగం చదువు వచ్చేసినట్టేనని, మిగతా సగం తాను చూసుకుంటానని ధీమా. ముప్పై ఏళ్ళలో ఎవరితోనూ నీకిది రాదు అనలేదు. అది ఆయన గొప్ప. ఆ గొప్పకు గండి కొట్టేలా తయారయ్యాడు బస్సు డ్రైవరు.

డ్రైవరుకు నలభై ఎనిమిదేళ్ళు, బస్సు నడపడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. పదకొండేళ్ళుగా ఆయన నడిపే బస్సుకు ఆఖరి స్టాపు విమానాల మైదానం గేటే. అక్కడ అందరినీ దింపి, పది నిమిషాలు ఆగి, బండి వెనక్కి తిప్పుకుని పోవాలి. ఆ పది నిమిషాలూ అద్దంలోంచి పైకి చూస్తూ కూర్చునేవాడు. చేరిన రోజున మాస్టారితో ఒకే మాట చెప్పాడు. "పదకొండేళ్ళుగా అందరినీ ఇక్కడ దింపుతున్నానండీ. ఒక్కసారి నేనూ దిగుదామని." ఆ మాటకే మాస్టారు పడిపోయాడు.

నేల మీద ఆయనంత మంచి విద్యార్థి లేడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అడగాల్సినవే అడుగుతాడు. తంటా అంతా పైనే. మొదటి రెండు దూకుళ్ళూ పాసయ్యాడు. వాటిలో ఇద్దరు గురువులు చెరోవైపు గట్టిగా పట్టుకుంటారు, ఇసుక బస్తానైనా పాసు చేయించగలరు. మూడోదానిలో గురువు ఒక్కడే పక్కన ఉంటాడు. మనిషి గాలి మీద బోర్లా నిలకడగా పడుకున్నాక చెయ్యి వదిలేయాలి. విద్యార్థి తనంతట తానే నిలిచి, ముంజేతికి కట్టిన మీటరులో ఎత్తు చూసుకుని, తన గొడుగు తానే విప్పుకోవాలి. అక్కడ డ్రైవరు కుడికాలు బిర్రుగా చాచుకుపోయేది. ఒక కాలు చాచి ఒక కాలు ముడిస్తే గాలి ఊరుకోదు, మనిషిని గిర్రున తిప్పేస్తుంది. కాళ్ళు సరిచేసుకోమని మాస్టారు ఆయన ముఖం ముందు చెయ్యి చాపి రెండు వేళ్ళతో సైగ చేసేవాడు. పైన మాట వినపడదు కనుక సైగలే భాష. సైగ చేసినకొద్దీ ఆ కాలు మరింత బిగుసుకునేది. వదలడం కుదరక, చివరికి పిడి లాగి డ్రైవరు గొడుగు మాస్టారే విప్పాల్సి వచ్చింది. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే.

అక్కడి నియమం ప్రకారం ఒకే మెట్టు మీద మూడుసార్లు తప్పితే ఇంటికి పంపేస్తారు, మళ్ళీ చేర్చుకోరు. మైదానం పెద్ద ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. "ఎందుకు మాస్టారూ, ఆయన్ని కష్టపెట్టి మీరు కష్టపడటం? ఆదివారం మూడోసారి దూకేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి, రాదని" అన్నాడు. మాస్టారు స్కూటరెక్కి ఇంటికి వచ్చాడు.

ఇంట్లో ముందుగది మాస్టారి భార్యది. అక్కడ పొడుగాటి బల్ల, కుట్టుమిషను, గోడ నిండా దారపు కండెలు ఉంటాయి. చిరిగిన గొడుగులు కుట్టేదీ, మొదటి గొడుగు మొరాయిస్తే ఆదుకునే రెండో గొడుగును మడిచి సీలు వేసేదీ ఆవిడే. మడుస్తుండగా ఎవరైనా పలకరిస్తే మడిచిందంతా విప్పి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. అందుకని ఆ గదిలోకి వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గరే నోరు మూసుకుని నిలబడతారు. మాస్టారు కూడా నిలబడ్డాడు. ఆవిడ సీలు దారం ముడివేసి, కత్తెర పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్పండి. ముఖం వేలాడేసుకుని వచ్చారేం?" అంది.

అంతా చెప్పాడు.

"కాలు చాపకండి అని ఎన్నిసార్లు చెప్పారు?"

"వంద సార్లు."

"వందసార్లు చెప్పినా రాలేదంటే చెప్పడంలో ఏదో ఉంది. ఆయన మీ పని చూడటానికి ఆకాశం దాకా వచ్చాడు. మీరు ఆయన పని ఎప్పుడైనా చూశారా?"

మాస్టారికి చురుక్కుమంది. పదకొండేళ్ళుగా ఆ బస్సు గేటు దగ్గర ఆగుతున్నా ఒక్కసారీ ఎక్కలేదు. ఆయన వెళ్ళేది తన స్కూటరు మీద, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో.

మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కి, డ్రైవరుకు పక్కగా ముందున్న ఒంటి సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు బిత్తరపోయాడు. "ఏంటి మాస్టారూ, స్కూటరు చెడిపోయిందా?"

"లేదు. మీరు నడపండి, నేను చూస్తాను."

చూడాల్సింది ఒకటే, కుడికాలు. మొదటి మూడు స్టాపుల్లో ఏమీ దొరకలేదు. మనిషి వెన్నలా నడుపుతున్నాడు. నాలుగో స్టాపు దాటాక, ఒకాయన సంచీతో పరుగెత్తుకుంటూ వచ్చి రోడ్డు పక్కనుంచి చెయ్యి అడ్డంగా చాపాడు. డ్రైవరు కళ్ళు ఆయన మీద పడ్డాయో లేదో, కుడికాలు బ్రేకు మీద బిర్రుగా దిగిపోయింది. మాస్టారు ముందుకు తూలి కమ్మీ పట్టుకున్నాడు. అలాగే కూర్చుండిపోయాడు.

తన చెయ్యి తనకు కనిపించింది. పన్నెండు వేల అడుగుల ఎత్తున, ఈ మనిషి ముఖం ముందు, అచ్చం ఇలాగే చాపాడు. ఇరవై రెండేళ్ళుగా ఎదురుగా చెయ్యి కనపడితే ఆ కాలికి తెలిసిన పని ఒక్కటే. పాపం, డ్రైవరు ఆకాశంలో బస్సు ఆపుతున్నాడు! తాను మళ్ళీ మళ్ళీ చెయ్యి చాపాడు, ఆయన మళ్ళీ మళ్ళీ తొక్కాడు. ఇదంతా ఆయన ఖాతాలో రాసి ఇంటికి పంపబోయారు. మాస్టారికి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ అనుభవం బూడిదలో పోసిన పన్నీరైందనిపించింది.

ఇంతలో సంచీ ఆయన ఎక్కాడు. వెనకనుంచి కండక్టరు బస్సు రేకు మీద రెండుసార్లు దబదబా చరిచాడు. ఆ చప్పుడుకు డ్రైవరు కాలు బ్రేకు మీదనుంచి తేలిగ్గా లేచింది, భుజాలు సడలాయి, బస్సు కదిలింది. మాస్టారు ఆఖరి స్టాపు దాకా దాన్నే చూశాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. రెండు చరుపులు, కాలు లేవడం.

గేటు దగ్గర అందరూ దిగాక, "డ్రైవరు గారూ, తప్పు మీది కాదు, నాది" అన్నాడు. సంగతి విని డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, "మా డిపోలో చెప్పకండి మాస్టారూ, ఇక నన్ను బతకనివ్వరు" అన్నాడు. కండక్టరు అప్పటికే వినేశాడు.

ఆదివారం దాకా సాయంత్రాలు గొడుగులు మడిచే షెడ్డులో చెక్కబల్ల మీద డ్రైవరును బోర్లా పడుకోబెట్టి సాధన చేయించాడు. ముందు చేతులు ఊపడం పూర్తిగా మానేశాడు. భుజం మీద రెండుసార్లు తడితే 'పోనీ' అని అర్థం. మొదట్లో డ్రైవరుకు నవ్వాగలేదు. మూడో సాయంత్రానికి మాస్టారు తట్టగానే ఒళ్ళంతా వదులైపోయేది. మైదానం పెద్ద షెడ్డు గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేం చదువు మాస్టారూ, ఏ పుస్తకంలోనూ లేదే" అన్నాడు. "బస్సులో ఉంది, వెళ్ళి ఎక్కు" అన్నాడు మాస్టారు.

ఆదివారం గాలి నెమ్మదిగా ఉంది. విమానంలో ఇద్దరూ మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. డ్రైవరు మాటిమాటికీ ముంజేతి మీటరు చూసుకుంటున్నాడు. మాస్టారు ఆయన పట్టీలన్నీ మూడోసారి లాగి చూశాడు. ఇవాళ తప్పితే ఈ మనిషి రేపటినుంచి మళ్ళీ అందరినీ గేటు దగ్గర దింపి, పైకి చూడకుండా బండి తిప్పుకుపోతాడని ఆయనకు తెలుసు.

తలుపు తెరుచుకుంది. దూకారు.

మొదటి క్షణాల్లోనే కుడికాలు చాచుకుపోయింది. డ్రైవరు శరీరం పక్కకు తిరగబోయింది. అలవాటుకొద్దీ మాస్టారి చెయ్యి ఆయన ముఖం ముందుకు సగం దాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళ చెయ్యి కదా, అదీ మాట వినదు. బలవంతాన వెనక్కి తీసుకుని భుజం మీద తట్టాడు, రెండుసార్లు. కాలు కదల్లేదు. మళ్ళీ తట్టాడు, రెండుసార్లు. ఈసారి కుడికాలు మెల్లగా ముడుచుకుని ఎడమకాలి పక్కకు చేరింది. తిరగడం ఆగిపోయింది. డ్రైవరు గాలి మీద పరుపేసుకున్నట్టు పడుకున్నాడు. ఎనిమిదిన్నర వేల అడుగుల దగ్గర మాస్టారు వేళ్ళు ఒక్కొక్కటే విప్పి వదిలేశాడు.

వదిలి, చేతికందే దూరంలో పక్కనే తేలుతూ చూశాడు. డ్రైవరు మీటరు చూసుకున్నాడు. ముందుకు చూశాడు. మళ్ళీ మీటరు చూసుకున్నాడు. సరిగ్గా చెప్పిన ఎత్తున తన చేత్తో తన పిడి లాగాడు. గొడుగు విచ్చుకుని ఆయన్ని పైకి లాక్కుపోయింది. మాస్టారు కిందకు పడుతూ ఒక్కడే అరిచాడు. ఏమని అరిచాడో ఆయనకే తెలియదు.

డ్రైవరు దిగాల్సిన గుర్తుకు చాలా దూరంగా గడ్డిలో దిగాడు. మాస్టారు రొప్పుతూ వెళ్ళేసరికి గొడుగంతా పోగుచేసి చేతుల నిండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖమంతా నవ్వే.

"పాసయ్యారు" అన్నాడు మాస్టారు.

"మీరు నన్ను ఎప్పుడు వదిలారు?"

"ఎనిమిదిన్నర వేల దగ్గర. తెలియలేదా?"

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "లేదండీ. పట్టుకునే ఉన్నారనుకున్నాను."

మాస్టారు ఆశ్చర్యపోయాడు. చెయ్యి వదిలినప్పుడు తెలియనివాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు. వదిలిన క్షణాన అందరి ముఖాలూ మారతాయి, కొందరు అరుస్తారు కూడా.

డ్రైవరు గొడుగు మీదనుంచి ముఖమెత్తాడు. "నా వెనకాల రోజూ యాభై మంది నిద్రపోతారు మాస్టారూ. అద్దంలో చూసి, ముందు కూర్చున్నవాడెవడో తెలియకుండా వీళ్ళకి నిద్రెలా పడుతుందా అనుకునేవాణ్ణి. ఇవాళ తెలిసింది."

గొడుగుల మాస్టారికి చాలా సంతోషం వేసింది. ఆ బరువైన గొడుగులో సగం తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ షెడ్డు వైపు నడిచారు.