అరచేయి కింది వరుస

నాచారంలో మా చర్చి పాత బాప్తిస్మం రిజిస్టర్లు చూడడానికి ఒక రిటైర్డు సారు వారం వారం వచ్చేవాడు. బీరువా తాళంచెవి ఊడ్చే పని చేసే నా దగ్గరే ఉండేది. తన నానమ్మ మరియమ్మ పేరు దొరికిందని సంబరంగా చెప్పాడు గానీ, నేను చీపురుతో దగ్గరికి వెళ్లగానే ఆ వరుస మీద అరచేయి పెట్టేవాడు.

“నీకు సదువు రాదంట గదమ్మా?” అన్నాడొకసారి.

“రాకుంటే మూసుడెందుకు సారూ?”

నవ్వాడు. చేయి తీయలేదు.

నారపల్లి వైపు భూముల కోసం పాత కాగితాలు చింపుకుపోయేవాళ్ల సంగతి విని ఉన్నాను. పేజీ పోతే నా పనీ పోతుంది. ఉప్పల్‌లో ఆడవాళ్ల క్లాసుకు వెళ్లి, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నానని ఆయనకు తెలియదు. ఆయన వెళ్లగానే రిజిస్టరు తెరిచాను. పేజీ ఉంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. మరియమ్మ పేరు పక్కన, వృత్తి గడిలో, ‘చర్చి ఊడ్చు పని’ అని ఉంది.

మరుసటి వారం కూడా ఆయన చేయి అడ్డం పెట్టాడు.

“కాళ్లు జర లేపు సారూ, ఊడుస్త” అన్నాను.

లేపాడు. ఆ కుర్చీ కింద ఎప్పటికంటే ఎక్కువసేపు ఊడ్చాను.