రోమ్‌లో చాచిన చేయి

బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని మా పై అంతస్తులో ఉండే వదిన రోమ్‌లో వాన చూసి చిన్నపిల్లలా గంతులేసిందని మా స్నేహితురాళ్లు ఈనాటికీ నవ్వుతూ చెబుతారు. శుద్ధ అబద్ధం. వాళ్లు అప్పుడు సెల్ఫీలు తీసుకుంటున్నారు. పక్కన ఉన్నది నేను.

భర్త పోయినప్పటి నుంచి వదిన తీర్థం పుచ్చుకోవడం మానేసింది. మనామాలో గుడికి మాతో వచ్చేది గానీ, పూజారి ఉద్ధరిణె ఎత్తగానే కుడిచేయి కొంగులో దాచుకునేది. "ఆయన్ని బతికించని దేవుడితో నాకు మాటల్లేవమ్మా" అనేది.

ఒక శుక్ర, శనివారాల సెలవుల్లో నలుగురం రోమ్ వెళ్లాం. దాదాపు రెండువేల ఏళ్ల నాటి పాంథియన్ గుడిలో అడుగుపెట్టగానే తల పైకెత్తాను. అంత పెద్ద గోపురానికి నడినెత్తిన గుండ్రటి కన్నం. అందులోంచి వెలుగూ వానా కలిసి నిదానంగా దిగుతున్నాయి. తడిసిన నేల చుట్టూ తాడు కట్టారు.

వదిన ఆ తాడు మీదుగా వంగి, కుడి అరచేయి గుంటగా చేసి చాచింది. నాలుగు చినుకులు పడ్డాయి. తాగి, తడిచేయి తలకు రాసుకుంది.

"వదినా, అది వాననీళ్లే! జలుబు చేస్తుంది" అన్నాను.

"తెలుసులేవే. నువ్వూ పట్టు" అంది, చూపు పైనుంచి తిప్పకుండా.

వాదించకుండా పట్టాను.

ఆ ఏడాదే ఆవిడ బహ్రెయిన్ వదిలి కాకినాడ వెళ్లిపోయింది. ఫోన్లో అన్నీ మాట్లాడుకుంటాం, ఇదొక్కటి తప్ప. ఆ రోజు వదిన దేవుణ్ణి క్షమించిందా, లేక దేవుడితో పని లేకుండానే ఆ వానకు చేయి చాచిందా?