ఆమెన్‌లతో మిల్లు నడిపిన కౌన్సిలర్ గారు

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టర్ గారు కబురు చెప్పారు: కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్‌లో దుప్పట్ల మిల్లు యజమాని, మన సిటీ కౌన్సిలర్ గారు, ప్రభువు సన్నిధికి చేరారని. చుట్టూ ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలట. ఉన్న మంచి ముందే రాసేస్తాను. "కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అంటూ ఊరంతా తిప్పి పంపిన మా అమ్మకు, ఆ మాట అడక్కుండా పనిచ్చింది ఆయనొక్కడే. అందుకు కృతజ్ఞురాలినే.

చీరాల నుంచి వచ్చి, ఇదే మిల్లులో కూలీగా చేరి, మూతపడబోతుంటే దాన్ని కొన్నాడు. కూలీ యజమాని అయ్యాక ఎంత త్వరగా అన్నీ మర్చిపోతాడో నేను చదివిన యూనియన్ కరపత్రాలేవీ ఇంత బాగా చెప్పలేదు. గాలి తగిలితే నూలు పొడిబారి తెగుతుందని కిటికీలకు మేకులు కొట్టించాడు. ఫ్యాన్లు అడిగితే నవ్వేవాడు. మా అమ్మ భుజం మీది దూది పీచును రెండు వేళ్ళతో ఏరి, "మనది కంపెనీ కాదమ్మా, ఫ్యామిలీ" అనేవాడు. ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని ఎవరు ఏరతారు? అమ్మ ఇప్పుడు మెట్ల మధ్యలో ఆగి దగ్గుతుంది. ఎన్నికల్లో మాత్రం "శ్రామిక కుటుంబాల గొంతు" అని వీధి వీధినా బోర్డులు పెట్టించుకున్నాడు.

షిఫ్టుకు ముందు ప్రార్థన కూడా ఆయనే చేసేవాడు. యూనియన్ కావాలని సంతకాలు పెట్టే కార్డులు మిల్లులో తిరుగుతున్నాయని తెలిసిన రోజు, "బయటివాళ్ళ మాటల నుంచి ఈ ఫ్యామిలీని కాపాడు ప్రభువా" అని కలిపాడు. ఆయన ఆగగానే అందరూ అలవాటుగా "ఆమెన్" అనేశారు. అమ్మ కూడా. ఇక కార్డు మీద సంతకం పెట్టనంది.

"అది ప్రార్థనా అమ్మా, ఎలక్షన్ స్పీచా?"

"దేవుడి ముందు ఆమెన్ అన్నానే. మాట తప్పమంటావా?"

"నీ దగ్గు సంగతేంటి?"

"నోరు ముయ్యి. నీ కరపత్రాలన్నీ రీసైక్లింగ్‌లో వేస్తా."

నిన్న సమాధి దగ్గర నాయకులు వరసగా పొగిడారు. అమ్మ వంగి పిడికెడు మన్ను వేసింది. చెయ్యి ఇంకా దులుపుకోలేదు, ఆయన కొడుకు వచ్చాడు. "ఆంటీ, మధ్యాహ్నం షిఫ్ట్ నార్మల్‌గానే ఉంటుంది. డాడ్ కూడా అదే కోరుకునేవారు."

అమ్మ చేతి మన్ను దులుపుకుని నడిచింది. పార్కింగ్ దాకా వచ్చి, దగ్గు ఆగాక అంది: "ఫ్యామిలీ అయితే ఇవాళైనా ఇంటికి పొమ్మనేవాళ్ళు. ఏదే ఆ కార్డు?"

బ్యాగులోంచి తీసి కారు బానెట్ మీద పెట్టిచ్చాను. చలికి పెన్ను రాయలేదు. అమ్మ దాని మొనను పెదాల దగ్గర పెట్టుకుని, ఆగి ఆగి ఊదింది. వెనక మిల్లులో పనిచేసే ఇద్దరు ఆంటీలు గ్లవ్స్ తీసి వరసలో నిలబడ్డారు.