మ్యూట్‌లో ఉన్నాననుకుని చేసిన ప్రార్థన

పాస్టర్‌గారికి, పెద్దలకి, వెనక వరుసలో చంటిపిల్లలతో అవస్థపడుతున్న తల్లులకి కూడా ప్రభువు పేరిట నా వందనాలు. సహోదరులారా, ఆరేళ్ల కిందట ఇదే హాలులో, ఇదే మైకు ముందు నేనొక సాక్ష్యం చెప్పాను. మీలో చాలామంది ఆమెన్ అన్నారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు, ఒకరైతే దాన్ని సీడీ చేయించి ఇండియాకి కూడా పంపించారు! ఆ సాక్ష్యం నిజం కాదు. దాన్ని సరిచేసుకోవడానికే ఈ రోజు మళ్లీ నిలబడ్డాను.

మా ఆయన ప్రభాకర్ ఎలాంటివాడో కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. ఆదివారం మధ్యాహ్నాలు ఈ అమెరికన్ చర్చి హాలుని మనం అద్దెకు తీసుకున్న కొత్తలో కుర్చీలు వేసేదీ ఆయనే, తీసేదీ ఆయనే. మహా నిదానం మనిషి. నేనేమో కాలు కాలిన పిల్లిని, నా నోరు ఎలాంటిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ చలికాలం ఒక శనివారం ఇంటి ప్రార్థన వంతు మాది, అరోరాలో మా ఇంట్లో. వంతు వచ్చిందంటే ఇల్లాలికి ఎంత కంగారో మీకు తెలుసు కదా, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక పొయ్యి మీద బిర్యానీ, ఒక పొయ్యి మీద గోంగూర, పిల్లలకి వేరే పాస్తా, బయట చూస్తే మోకాలెత్తు మంచు, డ్రైవ్‌వే కనబడటం లేదు, వచ్చే కార్లన్నీ ఎక్కడ పెడతారు? “ఏమండీ, జనం వచ్చే వేళయింది, ఆ మంచు ఇంకెప్పుడు తీస్తారు?” అని ఒకసారి కాదు, నాలుగుసార్లు అరిచాను. ఆయన టీ సగంలో వదిలేసి పార పట్టుకుని వెళ్లాడు. నేను ఉల్లిపాయలు వేయించుకుంటూ, పార చప్పుడు ఆగిపోయిందని కూడా గమనించలేదు. మొదట వచ్చిన కారులోవాళ్లు ఆయన్ని చూశారు. గుండెపోటు అన్నారు. ప్రార్థనకి పాటల పుస్తకాలు పట్టుకుని వచ్చినవాళ్లంతా ఆ పుస్తకాలతోనే అంబులెన్స్ వెనక ఆసుపత్రికి వచ్చారు.

తర్వాత మీరు చేసిన మేలు మరచిపోతే నేను మనిషినే కాదు. నెలరోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు మీరు. అయితే మన దగ్గర ఒక అలవాటుంది, కష్టం వచ్చినవాళ్లు కాస్త లేచి నిలబడగానే మైకు దగ్గరికి వచ్చి విజయం చెప్పాలి. నన్నెవరూ బలవంతపెట్టలేదు, నేనే లేచాను. మూడో ఆదివారానికే వచ్చి, “నాకు దుఃఖం లేదు, మా ఆయన మహిమలో ఉన్నాడు, ఒక్క కన్నీటిచుక్క కూడా రానివ్వలేదు నా దేవుడు!” అన్నాను. హల్లెలూయలతో హాలు దద్దరిల్లింది. ఆ రోజు నుంచి ఎవరింట్లో ఎవరు ఏడ్చినా “గ్రేస్ సిస్టర్‌ని చూసి నేర్చుకోండి” అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుని పాటల పుస్తకం తిరగేసేదాన్ని. మీ కార్ల కోసమే ఆయన్ని మంచులోకి తరిమానని మీతో ఎలా చెప్పను? చెబితే జీవితాంతం మీరు బాధపడతారు. అందుకే నోరు మూసుకున్నాను, నేను!

నా సంగతి అలా ఉంచండి. మా షారోన్‌కి అప్పుడు పదకొండేళ్లు. నేను ఏడవకపోవడం చూసి అదీ ఏడుపు ఆపేసింది. డాడీ అనే మాటే మానేసింది. స్కూల్లో కడుపునొప్పి అని రోజూ నర్సు గదిలో పడుకునేది. ఒకరోజు కారులో వెనక సీటు నుంచి, “మమ్మీ, మనం క్రిస్టియన్స్ కదా, సాడ్‌గా ఉండకూడదా?” అని అడిగింది. “ఉండకూడదు నాన్నా, దేవుడికి ఇష్టం ఉండదు” అన్నాను. ఎంత పాపం చేశానో చూడండి! ఆ రోజు నుంచి పిల్ల నాతో కూడా మాట్లాడటం తగ్గించేసింది. పాపని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లమని స్కూలువాళ్లు చెబితే నాకు పౌరుషం వచ్చింది, మాకు ప్రార్థన ఉందండీ, అలాంటివి మాకు అక్కర్లేదు అని చెప్పి వచ్చాను. కళ్లముందే పిల్ల కరిగిపోతోంది, నాకు భయమేస్తోంది, అయినా నా పేరు పోతుందని ఇంకా భయం.

దేవుడు నన్ను పట్టుకున్నది ఫోనులో. అవును, నవ్వకండి. పొద్దున్నే కాన్ఫరెన్స్ కాల్ ప్రార్థన ఉంటుంది కదా, న్యూజెర్సీలో ఐసెలిన్ నుంచి డల్లాస్ దాకా అందరూ నంబర్ కొట్టి, కోడ్ కొట్టి, తమ వంతు వచ్చేదాకా మ్యూట్‌లో ఉంటారు. ఆయన పోయి సంవత్సరం కావస్తున్న రోజుల్లో ఒక పొద్దున న్యూజెర్సీ సిస్టర్ ఒకరు నా ధైర్యం గురించి దేవునికి స్తోత్రాలు చెబుతున్నారు. కిటికీలోంచి చూస్తే మంచు మొదలైంది. నేను మ్యూట్‌లోనే ఉన్నాననుకున్నాను. వంటింట్లో నిలబడి పైకే అనేశాను:

“ప్రభువా, వాళ్లు నన్ను పొగుడుతుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన్ని నేనే చంపుకున్నాను. టీ కూడా తాగనివ్వలేదు. నీ ప్రార్థన కోసమే కదయ్యా తొందరపెట్టాను, నువ్వెందుకు ఆపలేదు? నీ మీద నాకు కోపంగా ఉంది. నా పిల్ల కూడా నా చేతుల్లోంచి జారిపోతోంది. నాకు ఏడవాలని ఉంది, ఏడుపు రావడం లేదయ్యా!”

లైన్‌లో స్తోత్రాలు ఆగిపోయాయి. ఎక్కడో ఒకరింట్లో కుక్కర్ విజిల్ వినిపించింది. అప్పుడు చూశాను ఫోను వైపు. అమ్మో! కట్ చేసి అక్కడే నేలమీద కూలబడ్డాను.

రెండు గంటలు తిరక్కుండా తలుపు చప్పుడైంది. షామ్‌బర్గ్ నుంచి సరోజిని ఆంటీ, రిటైరైన డాక్టర్, ఆ మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ఆమె నాకు వాక్యం చెప్పలేదు. టీ పెట్టి, ఆ మోకాళ్ల నొప్పులతోనే నా పక్కన నేలమీద కూర్చున్నారు. “మా పెద్దమ్మాయి పోయినప్పుడు నేనూ కౌన్సెలింగ్‌కి వెళ్లానమ్మా, రెండేళ్లు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. డాక్టర్‌ని అయ్యుండీ సిగ్గుపడ్డాను. షుగర్‌కి మందు వేసుకుంటూ ప్రార్థన చేసుకోవడం లేదూ? దీనికెందుకే తల్లీ దాచుకోవడం?” అన్నారు. అపాయింట్‌మెంట్ ఆమే బుక్ చేశారు, మా ఇద్దరినీ ఆమే తీసుకెళ్లారు.

ఆప్తులు పోయినవాళ్ల కోసం నడిపే చిన్న సెంటర్ అది. పిల్లలకి ఒక గది, రంగులు, కాగితాలు. నాకు డయాన్ అనే కౌన్సెలర్‌ని ఇచ్చారు. నేను ఊరుకుంటానా? మూడు వారాలు ఆవిడకే ప్రసంగం చేశాను, పరలోకం గురించి! ఆవిడ ఓపికగా విని, నాలుగో వారం ఒక్కటే అడిగింది, మీ ఆయన టీ ఎలా తాగేవారు అని. అల్లం ఎక్కువ, పంచదార తక్కువ, అని చెప్పబోయాను. అల్లం దగ్గరే ఆగిపోయాను. సంవత్సరం నుంచి ఆగిన ఏడుపంతా అక్కడ వచ్చింది. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు, సహోదరులారా, నా జీవితంలో నన్ను ఊరుకోమనని మొదటి మనిషి ఆవిడ.

వెంటనే అంతా బాగైపోయిందని చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. నెలలు పట్టింది. ఒక రోజు షారోన్‌నీ నన్నూ కలిపి కూర్చోబెట్టారు. అది ఒక బొమ్మ వేసి తెచ్చింది: మా డ్రైవ్‌వే, మంచు, మంచులో ఎర్రటి చిన్న పార. “డాడీ నన్ను రమ్మన్నారు, నా చిన్న షవల్ తెచ్చుకోమన్నారు. ఫైవ్ మినిట్స్ అన్నాను. టీవీ చూస్తున్నాను. నేను వెళ్తే డాడీ పడిపోవడం చూసేదాన్ని కదా మమ్మీ, 911 కాల్ చేసి అంబులెన్స్ పిలిచేదాన్ని” అంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద అన్నం తింటూ, ఆయన్ని నేనే చంపానని నేను, నేనే చంపానని అది, ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం. దాన్ని ఒళ్లోకి లాక్కుని, “కాదు నాన్నా, నీ తప్పు కాదు, డాడీ గుండెలో జబ్బుందని నీకేం తెలుసు, ఎవరికీ తెలియదు” అని ఎన్నిసార్లు అన్నానో. డయాన్ మెల్లగా, ఆ మాటే ఇప్పుడు మీతో మీరు అనుకోగలరా అంది. అప్పుడు నా పన్నెండేళ్ల పిల్ల, వాళ్ల నాన్న తడిమినట్టే నా తల తడిమి, “నీ తప్పు కాదు మమ్మీ, నీకేం తెలుసు” అంది.

దేవుడు నన్ను విడిపించింది అక్కడ, ఆ చిన్న గదిలో, ఆ పిల్ల నోటితో. దేవునికే మహిమ! మన ప్రభువు చనిపోయిన తన స్నేహితుణ్ణి తిరిగి లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా, నేనెవర్ని ఏడవకుండా ఉండటానికి? ఇప్పటికీ ఇండియన్ స్టోర్‌లో అల్లం ఏరుకుంటూ ఏడుస్తుంటాను, షారోన్ నా చేతిలోంచి సంచి తీసుకుంటుంది. దానికిప్పుడు పదిహేడేళ్లు, రోజుకోసారైనా డాడీ అంటుంది.

నన్ను చూసి నేర్చుకోమని విని కన్నీళ్లు మింగిన సహోదరి ఎవరైనా ఇక్కడ ఉంటే నన్ను క్షమించమ్మా. దేవుణ్ణి నమ్ము, ఆయన మన ఏడుపుకి నొచ్చుకునేవాడు కాదు. సాయం అడగడం అవిశ్వాసం కాదు. నీకు ఒక్కదానికే వెళ్లాలంటే బెరుకైతే నాతో చెప్పు, సరోజిని ఆంటీ నన్ను తీసుకెళ్లినట్టు నేను నిన్ను తీసుకెళ్తాను.

చివరగా ఒక ప్రకటన. ఈ శనివారం ఇంటి ప్రార్థన మా ఇంట్లో, ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి. మంచు పడుతుందంటున్నారు. నేనూ షారోనూ కలిసి తీస్తాం. సగమే అయితే మీరొచ్చి తలా ఒక పార వేయండి. నాలుగు గంటలకని చెప్పాను గానీ, అయిదైనా పర్వాలేదు, అందరం టీ తాగాకే మొదలుపెడదాం. తొందరేం లేదు, మెల్లగా రండి.