కడుపులో ఇనుముందా?

నరసరావుపేటలో మేముండే ఫ్లాట్‌కి ఈమధ్య కొత్త తలుపు వచ్చింది. ప్లాస్టిక్ కాగితం చుట్టి, మూలలకు అట్టముక్కలు తొడిగి, పెళ్ళికూతుర్ని తెచ్చినంత జాగ్రత్తగా లిఫ్టులో పైకి తెచ్చారు. బిగించే కుర్రాడు తాళం కోసం మిషనుతో బెజ్జం పెడుతుంటే కాఫీపొడి లాంటి పొట్టు నేలమీద రాలింది. అలవాటుకొద్దీ వంగి చిటికెడు తీసి వాసన చూశాను. జిగురు తప్ప మరేమీ లేదు. ఏ చెట్టు బాబూ అని అడిగితే, "చెట్టేంది ఆంటీ, కంపెనీది" అన్నాడు. తప్పు నాదే. తలుపును చూసి చెట్టు పేరు అడిగే జబ్బు నాకు గురజాల పొలిమేరలో, మా తాతయ్య కోతమిల్లులో అంటుకుంది. ఇంతవరకూ దానికి మందు దొరకలేదు.

మిల్లంటే పెద్ద మిల్లేమీ కాదు. స్తంభాల మీద రేకులు, ఆ రేకుల కింద ఒకదానిపైన ఒకటిగా రెండు పెద్ద ఇనుప చక్రాలు, వాటికి బెల్టులా తొడిగిన పళ్ళ రంపం, మొద్దును రంపం నోటికి అందించే పట్టాల బండి, చుట్టూ పడుకున్న ఏనుగుల్లాగా మొద్దులు, ఓ మూల మా పిల్లల సామ్రాజ్యమైన పొట్టుగుట్ట. ఆ గుట్ట మీదనుంచి జారి, ఒళ్ళంతా పొట్టుతో ఇంటికి వెళ్తే నాయనమ్మ మమ్మల్ని గుమ్మం బయటే నిలబెట్టి, బియ్యం చెరిగినట్టు దులిపి లోపలికి రానిచ్చేది. ఏ పొట్టో చెప్పడానికి కళ్ళు అక్కర్లేదు. వేప కోసిన రోజు గాలి చేదెక్కి, మధ్యాహ్నం పెరుగన్నం కూడా కషాయంలా ఉండేది. తుమ్మ కోస్తే తొలివాన పడ్డ మట్టి వాసన. ఎప్పుడైనా అటవీశాఖ సుత్తిముద్రతో టేకు దుంగ వస్తే, కొత్త చెప్పుల పెట్టె తెరిచిన వాసన.

ఎండాకాలం మిల్లుకు సీజను. మిరపకాయలు యార్డుకు చేరాక గాని రైతులకు ఇల్లు కట్టాలన్న బుద్ధి పుట్టేది కాదు. అమావాస్య ముందు కొట్టిన కర్రకు పురుగు పట్టదని నమ్మకం కాబట్టి, ఆ నాలుగు రోజులూ పిడుగురాళ్ళ రోడ్డు మీద మొద్దుల బళ్ళు తిరణాలకు పోతున్నట్టు బారులు తీరేవి. తాటిముంజలు, చల్లటి రాగిజావ, బండివాళ్ళ పేకాట, వాళ్ళను తిట్టే తాతయ్య, ఆయనకు తెలియకుండా ఓ ఆట వేసి వచ్చే మా బాబాయి. చలికాలంలో నాయనమ్మ పొట్టుపొయ్యి వెలిగించేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసా మెల్లగా పైకి లాగేస్తే మిగిలిన బొరియలో మంట పొద్దున్నుంచి సాయంత్రం దాకా చప్పుడు లేకుండా మండేది. మా ఇంట్లో చప్పుడు లేకుండా పనిచేసింది అదొక్కటే. దసరాకు రంపానికి పసుపూ కుంకుమా పెట్టి, పులిహోర నైవేద్యం చేసి, గుమ్మడికాయ కొట్టేవారు. ఆ గుమ్మడికాయను మాత్రం రంపం దగ్గరకు పోనిచ్చేవారు కాదు, కత్తితోనే. వృత్తికీ భక్తికీ మధ్య ఆమాత్రం ఎడం ఉండాలని తాతయ్య ఉద్దేశం.

రంపం మేస్త్రీ మస్తాన్ మామ. ఏ మొద్దునైనా బండి మీదకు ఎక్కించే ముందు, చెవి వెనకాల సుద్దముక్క సర్దుకుని, చెట్టు తెచ్చినవాళ్ళను ఒక ప్రశ్న అడిగేవాడు. "కడుపులో ఇనుముందా?"

అడగాల్సిన మాటే. మా వైపు ఊళ్ళల్లో చెట్టును వట్టి చెట్టుగా ఎవరూ ఉంచరు. బట్టలు ఆరేసే తీగకో మేకు, లాంతరుకో మేకు, ఎన్నికల బోర్డుకు నాలుగు మేకులు. చెట్టు వాటన్నిటినీ మాట్లాడకుండా మింగి, పైన బెరడు కప్పేసి, ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. రంపం వచ్చినప్పుడు బయటపెడుతుంది. అందుకే ఆ ప్రశ్నకు మనుషులు కోర్టులో బోనెక్కినట్టు ఆలోచించి జవాబు చెప్పేవారు.

కోటమ్మ పెద్దమ్మ కూడా అలాగే ఆలోచించే చెప్పింది. మా వీధి చివర ఇల్లు ఆమెది. గాలివానకు పెరట్లో వేపచెట్టు పడిపోతే, కడుతున్న కొత్తింటికి ద్వారబంధం దాంతోనే చేయించాలని మిల్లుకు తోలించింది.

"ఇనుమేం లేదయ్యా మస్తానూ. బంగారం లాంటి చెట్టు" అంది.

రంపం పాడుతూ పోయింది. పచ్చివేపలో దాని గొంతు ఒక రకంగా, ఎండినదాంట్లో ఒక రకంగా ఉండేది. మధ్యలో ఒక్కసారిగా పాట కేకయింది. పెద్ద చప్పుడుతో రంపం తెగి రేకులకు తగిలింది. అందరూ తలో దిక్కూ పరుగెత్తారు. అదృష్టం, రంపానికి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, మొద్దు నడుమ బొటనవేలంత లావు మేకు తల తళతళలాడుతోంది.

"ఏందక్కా ఇది? ఇనుము లేదన్నావే!" అన్నాడు మస్తాన్ మామ.

కోటమ్మ పెద్దమ్మ దగ్గరికొచ్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, మా అత్తయ్యా! నువ్వు ఇనుముందా అన్నావు గానీ, మా అత్త ఉందా అన్లేదుగా!"

సంగతేమిటంటే, ఆవిడ అత్త నాగులమ్మ పోయిన కొత్తలో పిల్లలకు విడవని జ్వరాలొస్తే, వినుకొండ వైపునుంచి ఒక భూతవైద్యుడొచ్చి, ముసలమ్మ ఇల్లు వదల్లేదని తేల్చి, మంత్రం వేసిన మేకుతో ఆమెను పెరట్లో వేపచెట్టుకు దిగ్గొట్టి వెళ్ళాడు. ఆ తర్వాత జ్వరాలు తగ్గాయి. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా అప్పుడే అయిపోయాయి గాని, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అప్పట్నుంచీ కోటమ్మ పెద్దమ్మ మనసులో అది మేకు కాదు, అత్త.

మరి ఇప్పుడు రంపం ఆ అత్తను విడిపించింది. విడిపించి ఎక్కడ వదిలింది? మా మిల్లులో.

ఈ మాట సాయంత్రానికి ఊరు దాటింది. మర్నాడు మొద్దులు దొర్లించే కూలీలు రాలేదు. ఆ మరుసటి రోజు నుంచి బళ్ళు మా మిల్లు ముందు ఆగకుండా, ఎద్దుల్ని అదిలించి మరీ పిడుగురాళ్ళ పోయాయి. మాకు సెంటు పొలం లేదు. మిల్లు తిరిగితేనే పొయ్యి. తాతయ్య కొత్త రంపం తెప్పించి తొడిగాడు, దానికి కోయడానికి కర్ర లేదు. కట్టుకథలని వాదించి చూశాడు. "నిజమేలే పెద్దాయనా" అని ఒప్పుకుని, బండి మాత్రం ముందుకే తోలేవారు. మేకు కొట్టిన భూతవైద్యుణ్ణి పిలిపిద్దామంటే ఆయనే పోయాడట. "ఆయన్ని యాడ దిగ్గొట్టారో కనుక్కో" అన్నాడు తాతయ్య. పొట్టుగుట్ట మీద మేము జారుతున్నా అరిచేవాళ్ళు లేరు. అరిచే ఓపిక లేదు ఎవరికీ. సీజను మధ్యలో మిల్లు మూగబోతే ఎలా ఉంటుందో మాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి, మిల్లు అమ్మితే ఎక్కడికి పోవాలో మాట్లాడుకునేవారు.

చివరికి కోటమ్మ పెద్దమ్మే వచ్చింది. ఊరందరికీ వినబడేలా వచ్చింది.

"ఏంది మావయ్యా, మా అత్త మీ మిల్లులో తిరగతందని చెప్పుకుంటన్నారంట? మా అత్త పరాయోళ్ళ పంచన పడుండే మనిషా? చానా పౌరుషం గల మనిషి!"

"నాకేం తెలుసు తల్లీ. మీ అత్త, నీ ఇష్టం" అన్నాడు తాతయ్య.

ఆమె మేకున్న మొద్దు దగ్గరకు వెళ్ళి, నడుముకు కొంగు చుట్టి, "లే అత్తా, ఇంటికి పోదాం" అంది. మేకుతో సహా ఆ ముక్కను గడపగా చెక్కించి ఇమ్మంది.

"ఇంట్లోకేనా అక్కా?" అన్నాడు మస్తాన్ మామ.

"బతికినన్నాళ్ళూ గుమ్మంలో కూచుని వచ్చేపోయే వాళ్ళందర్నీ ఏడకీ ఎందుకూ అని అడిగింది. ఆడనే కూచోనీ. ఆమె లేనికాడ్నుంచి కుక్కలొచ్చి పోతన్నయ్."

మస్తాన్ మామ మేకు జోలికి పోకుండా బాడిసతో గడప చెక్కాడు. కోటమ్మ పెద్దమ్మ దాన్ని బండిలో వేసి, తమలపాకులు పెట్టి, పసుపునీళ్ళు చల్లుకుంటూ పట్టపగలు బజారు మీదుగా తీసుకుపోయింది. అది ఊరంతా చూసింది. నాగులమ్మ ఇల్లు చేరిందని రూఢి అయ్యాక, మొహమాటంగా ఒక బండి, ధైర్యంగా రెండు, ఆ తర్వాత మామూలుగా బారులు. మళ్ళీ మా పెరుగన్నం చేదెక్కింది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

నాగులమ్మ మూయించలేని మిల్లు మీద తర్వాత చాలామంది చెయ్యి వేశారు. ఇనుప కిటికీలు వచ్చాయి, ప్లాస్టిక్ తలుపులు వచ్చాయి, చెట్టెరగని కంపెనీ తలుపులు వచ్చాయి. చేలల్లో పత్తి దిగుబడి తగ్గినచోట సుబాబులు, జామాయిలు మొలిచి, చెయ్యి లావు కాకముందే లారీలెక్కి కాగితం మిల్లులకు పోతున్నాయి. తాతయ్య లేడు, మస్తాన్ మామ లేడు, రేకుల కింద వేపచేదు లేదు, పొట్టుపొయ్యి ఎలా కూరాలో తెలిసిన చేతులు లేవు. బాబాయి ఇప్పుడు సుబాబులు కోసి, పాలిష్ రాళ్ళ ఫ్యాక్టరీలకు చెక్కపెట్టెలు చేసి ఇస్తున్నాడు. ఆ కర్ర కోస్తుంటే రంపానికి పాడే పనే ఉండదు. ఆ రంపం తీసేసి ప్లైవుడ్డుకు కర్రను పలచటి పొరలుగా ఒలిచే మిషను పెట్టమని కొడుకు పోరుతున్నాడట.

మా తలుపు వచ్చిన వారమే గురజాల వెళ్ళి అడిగాను. "మిల్లు ఉంటదా బాబాయ్?"

"మిల్లుకేం, ఉంటది. ఒలిచే మిషనూ పెడతా, కాలం ఎట్టా చెప్తే అట్టా. రంపం తియ్యను. కర్రలోనే చేవ లేదమ్మాయ్. నడుమ నల్లగా, గట్టిగా చేవ తేలాలంటే చెట్టును నాటి మర్చిపోవాల. ఇప్పుడు నాటినోడు నాటిన రోజునుంచే లారీ కోసం చూస్తా కూచుంటన్నాడు. ఇంక చేవ యాడనుంచి వస్తది?"

టీ తాగి వెనకవైపు చేతులు కడుక్కోవడానికి వెళ్తే, ప్రహరీ పొడుగునా మోకాలెత్తు వేపమొక్కలు. వరసగా, మేకలు తినకుండా ఒక్కోదానికీ ముళ్ళకంప చుట్టి, పాదుల్లో నీళ్ళు ఇంకా ఇంకకుండా ఉన్నాయి.

"ఇవి ఎవరు నాటారు బాబాయ్?"

బాబాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అటు చూడకుండా అన్నాడు.

"ఏమోనమ్మా. గుర్తులేదు."